అడగనీకె పోతున్న

బస్సు కదిలింది. ఇగ దిగుడు లేదు. వనపర్తి బస్టాండు గేటు దాటి రోడ్డెక్కంగనే ఊరికెనె నవ్వొచ్చింది, ఎవరన్న చూస్తరని కిటికీ దిక్కు తిరిగి నవ్వుకున్న. చూస్తె ఏమంటరు, ముబషిరా మేడం పట్టపగలు బడి ఇడిచిపెట్టి గద్వాల బస్సుల ఒక్కతే నవ్వుకుంట కూసున్నదంటరు. అననీ. "ఎక్కడికమ్మా?" అని కండక్టరమ్మ అడిగింది, ఆధార్ కార్డు చూపిచ్చిన, "గద్వాల" అన్న, గంత గట్టిగ ఎందుకన్ననో తెల్వదు, ముంగటి సీటాయన ఎనుకకు మర్లి చూసిండు. కండక్టరమ్మది ఉత్త అడుగుడు, తెలుసుకునేటందుకు అడుగుడు. ఇంగ్లీషుల దాన్ని ఎంక్వైర్ అనొచ్చు, కాని ఎంక్వైర్ అంటె జర ఆఫీసు వాసనొస్తది, జాలీ కిటికీ, అవతల కుర్చీల తల ఎత్తని మనిషి. కండక్టరమ్మది గట్లాంటిది కాదు. ఆమెది ఆస్క్, గంతే, ఉప్పు వెయ్యని అన్నం లెక్క. మరి నేను పోయి అడిగేదానికి ఏ పేరున్నది? పొద్దుగాల నుంచి ఎతుకుతున్న, దొరుకుతలేదు. మా అమ్మీకి పెండ్లి సంబంధం అడగనీకె పోతున్న. హమ్మయ్య, మనసులనన్న ఒకసారి మాట మొత్తం అనుకున్న. మా అమ్మీ మెహరున్నిసాను చేసుకుంటరా అని ఫ్రిజ్జుల కరీం చాచాను అడగనీకె, ఆమె కన్నబిడ్డను నేను, బస్సెక్కి పోతున్న.

దీనికంత కారణం తొమ్మిదో తరగతి ధనలక్ష్మి. కాదు, ధనలక్ష్మి కాదు, ఆస్క్. పొద్దుగాల రెండో పీరియడుల బోర్డు నడుమ ఆస్క్ అని రాసి చుట్టూ గీత గీసిన, దీనికి ఇంకేమేం మాటలున్నయో చెప్పున్రి అన్న. రిక్వెస్ట్ అన్నరు ముంగటి బెంచీలోళ్లు, వాళ్లు రోజు సెలవు చిట్టీల రాసేదదే. బెగ్ అన్నడొకడు, లీవ్ లెటర్ల ఐ బెగ్ టు స్టేట్ అని రాస్తం గద మేడం అన్నడు, క్లాసంత నవ్వింది. డిమాండ్, ప్లీడ్, క్వశ్చన్. ప్రపోజ్ అని ఎవరో గుసగుస అన్నరు, అన్నదెవరో చెప్పమంటె చెప్పలే. నేను ఒక్కొక్కదాన్ని ఇప్పి చెప్పిన. రిక్వెస్ట్ అంటె చేతులు కట్టుకొని అడుగుడు, డిమాండ్ అంటె బల్ల గుద్ది అడుగుడు, ప్లీడ్ అంటె గొంతుల నీళ్లు పెట్టుకొని అడుగుడు, బెగ్ అంటె మనల్ని మనం జర కిందికి దించుకొని అడుగుడు. చెప్పుకుంట పోతుంటె నాకే మస్తు సంబురమైతుండె, నా పాఠం నాకే తియ్యగ ఇనిపిస్తుండె. అప్పుడు లేచింది ధనలక్ష్మి, ఎప్పుడు నోరు తెరవని పిల్ల. "మేడం, లేదంటరేమోనని భయముంటె ఏ మాటతోని అడగాలె?" అన్నది. నేను ఠక్కున, "భయముంటె ఏ మాటతోనైన అడగాలె, అడగకుంట మాత్రం ఉండొద్దు" అన్న. అన్నంక ఆ మాట పోయి గోడకు తాకి నా దిక్కే వొచ్చింది. చాక్‌పీసు చేతుల పట్టుకొని నిలబడ్డ. బెల్లు కొట్టంగనే హెడ్మాస్టర్ సార్ కాడికి పోయి సగం రోజు సెలవడిగిన, ఇంట్ల పనున్నదన్న, అబద్ధం కాదు, ఇంట్ల పనే. పక్క క్లాసు రూతమ్మ టీచర్ "ఏందే, మొఖం గట్ల ఎలుగుతుంది?" అంటె "వొచ్చినంక చెప్త" అని ఉరికొచ్చిన.

కరీం చాచా మా అమ్మీకి ఎట్ల తెలిసిండంటె దానికి కారణం కరెంటు. అమ్మీ బిజినేపల్లి దవాఖానల నర్సు. టీకా మందులు పెట్టే ఫ్రిజ్జు ఒకటున్నది అక్కడ, పిల్లగాండ్ల మందులన్ని దాంట్లనే, అది చల్లదనం తప్పిందంటె అమ్మీకి అన్నం లోపలికి పోదు. ఒకసారి వాన గాలికి కరెంటు పోయి, వొచ్చి, మళ్ల పోయి, ఫ్రిజ్జు మూగబోయింది. గద్వాల నుంచి మెకానిక్ వస్తడన్నరు, మూడు జిల్లాల దవాఖానల ఫ్రిజ్జులు ఆయనే చూస్తడట. మందుల డబ్బాలన్ని ఐసు పెట్టెలల్ల సర్ది, పెట్టె మీద చెయ్యి పెట్టుకొని కూసున్నదట అమ్మీ, వానల తడుసుకుంట బండి మీద వొచ్చిండట ఆయన, తల సుత తుడుచుకోకుంట ముందు ఫ్రిజ్జు కాడ కూసున్నడట. ఇదంత అమ్మీ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారి ఆయన తల తుడుచుకోలేదన్న మాట మర్చిపోకుంట చెప్పింది, అప్పుడే నాకు అర్థం కావాల్సుండె. ఆ తరువాత ఫోన్లు. "ఫ్రిజ్జు సప్పుడేమన్న చేస్తుందా?" అని అడుగుతడు. "కరెంటు మంచిగుంటుందా?" అని అడుగుతడు. జరసేపు ఊకుండి, "మీరు తిన్నరా?" అని అడుగుతడు. స్పీకర్ల పెట్టి మాట్లాడుతుంటె రొట్టెలు చేసుకుంట నేనిన్న, మొదటి రెండు ఎంక్వైర్, మూడోది ఏంది? మూడోదానికి ఏ డిక్షనరీల చోటున్నది? మంచిగున్న ఫ్రిజ్జును చూడనీకె గద్వాల నుంచి బిజినేపల్లి దాంక బండేసుకొని వొచ్చే మనిషి ఎవరన్న ఉంటరా? వొచ్చేటోడు. వొచ్చి ఫ్రిజ్జు తలుపు తీసి, మూసి, "జర నీళ్లిస్తరా?" అని అడిగేటోడు. గ్లాసు నీళ్లు తాగనీకె ఆయనకు పట్టినంత సేపు ఎవ్వరికి పట్టదు.

ఆయన భార్య కరోనా రెండోసారి వొచ్చినప్పుడు పోయింది. బిడ్డ షాజియాను రాయచూరుకిచ్చిండు. అదే రాయచూరు ఇప్పుడు మా కొంప ముంచనీకె వొచ్చింది. మొన్న ఆదివారం ఫోన్ చేసి, ఈ నెలతోని దుకాణం ఖాళీ చేస్తున్న, బిడ్డ అల్లుడు రమ్మంటున్నరు, అక్కడనే ఉంట, ఇగ మీ ఫ్రిజ్జుకు వేరే ఆయన వస్తడు, మంచోడే, నేనన్ని చెప్పి పెట్టిన, అన్నడు. అమ్మీ "మంచిదే" అన్నది. ఫోన్ పెట్టేసినంక సుత చెవి కాడి నుంచి తియ్యలే. తరువాత నన్ను పిలిచి, "బేటా, రాయచూర్ ఎంత దూరముంటది?" అని అడిగింది. రాయచూరు పక్కనున్న గట్టు ఊర్ల పుట్టిన మనిషి, చిన్నప్పుడు పండుగ బట్టలకు రాయచూరుకే పోయిన మనిషి, కన్నడ మాటలు మధ్యమధ్యల దొర్లే మనిషి, రాయచూర్ ఎంత దూరమని నన్నడుగుతుంది. "నీకు తెల్వదా అమ్మీ?" అన్న. "ఊరికెనె అడిగిన" అన్నది. ఊరికెనె ఎవరన్న ఏదన్న అడుగుతరా?

పెబ్బేరు వొచ్చింది, హైవే మీద లారీలు, చాయ్ హోటళ్లు, నా పక్కన సీటు ఖాళీ అయితె ఒక ముసలామె సీతాఫలాల గంపతోని ఎక్కి కూసున్నది, గంప కాళ్ల నడుమ పెట్టుకొని, కూసున్న ఎంటనే మొదలుపెట్టింది. ఏ ఊరు బిడ్డా. ఎవరోళ్లు. ఏం పని చేస్తవు. పెండ్లయిందా. ఎందుకు కాలే. ఒకటెనుక ఒకటి, జవాబు కోసం ఆగకుంట. దీన్ని ఇంగ్లీషుల ఏమంటరని మనసుల ఎతికిన, ఇంటరాగేట్ అంటె పోలీసోళ్లది, ప్రై అంటె జర తిట్టినట్టుంటది, ఈమెది రెండు కాదు, పొయ్యి కాడ కూసున్నప్పుడు చేతులు ఊరికె ఉండలేక పుల్లలు ఎగదోసినట్టు అడుగుతుంది. తన పేరు సత్తెమ్మ అని, గద్వాలల ఆడిబిడ్డ ఇంటికి పోతున్ననని నేనడగకుంటనె చెప్పింది. "నువ్వెందుకు పోతున్నవు?" అన్నది. ఏదన్న చెప్పొచ్చు, పనుండి అనొచ్చు, కాని ఇంతసేపు లోపల కుతకుత ఉడుకుతున్న మాట కదా, మూత ఎగిరింది. "మా అమ్మకు సంబంధం అడగనీకె" అన్న. సత్తెమ్మ నోరు మూతబడింది. నన్ను చూసింది, నా నెత్తి మీది దుపట్టా చూసింది, మళ్ల నా మొఖం చూసింది. ఇప్పుడేమంటది, ఛీ అంటదా, కలికాలమంటదా. "మీ నాయన?" అన్నది మెల్లగ. "లేడు, నేను ఏడో తరగతిల ఉన్నప్పుడే పోయిండు." తరువాత కొంచెం కోపంగనె, "మరి సంబంధం అడగవోతు ఉత్త చేతులతోని పోతవా? చదువుకున్నవు గద!" అని గంపల చెయ్యి పెట్టి, పండ్లు ఒత్తి ఒత్తి చూసి, మంచియి ఏరి నా ఒళ్లె పెట్టింది. నేను వొద్దొద్దంటున్న, నవ్వుతున్న, నా కండ్లు తడైనయి. ఒక్క మనిషి, పేరు తప్ప ఏం తెల్వని మనిషి, తప్పనలే. ఉత్త చేతులతోని పోతున్నవేందే అన్నది, గంతే.

తౌఫీక్ మామూ గిట్ల అనలే. అమ్మీ తమ్ముడు, నాగర్‌కర్నూలుల చెప్పుల దుకాణం, మంచోడే, మా అబ్బా పోయినప్పుడు మాకు బియ్యం పప్పు తెచ్చి పోసినోడే. ఎవరో ఏదో చెవిల ఏస్తె ఇంటికొచ్చి అమ్మీని కూసోబెట్టి, "ఆ మెకానిక్ ఊకె ఎందుకొస్తడు? గీ వయసుల ఏందక్కా ఇది? పెండ్లి కావాల్సిన పిల్ల ఇంట్ల ఉన్నది, ఆమె మొఖం చూసినవా?" అన్నడు. అన్నీ ప్రశ్నలే, ఒక్కదానికి జవాబు అక్కర లేదు ఆయనకు. తెలుగుల నిలదీసుడు అంటం, మంచి మాట, మనిషిని నిలబెట్టి, కాళ్లు కదపనియ్యకుంట చేసుడు. అమ్మీ నిలబడి ఇన్నది. నా పేరు తీసుకున్నప్పుడు మాత్రం తల ఎత్తి నా దిక్కు చూసింది. నేను అప్పుడన్న నోరు తెరవాల్సుండె. నేను చాయ్ పెడత అని లోపలికి పోయిన. ఆ చాయ్ మామూ తాగలే, అమ్మీ తాగలే, నేనే తాగిన.

మా ఇంట్ల మేం మాట్లాడేది ఉర్దూ. ఉర్దూల అడుగుడు ఒకటి కాదు, రెండు. తెలుసుకోనీకె అడిగితె పూఛ్‌నా, కావాలని అడిగితె మాంగ్‌నా. తెలుగుల రెండిటికి అడుగుడే, ఇంగ్లీషుల రెండిటికి ఆస్కే. అందుకే మొన్న ఆదివారం సాయంత్రం మేమిద్దరం కొట్లాడుకున్నం. నేను బడి అలవాటుల తెలుగుల అమ్మీతోని, "ఆయన్ను ఉండమని నువ్వు అడగొచ్చు గద" అన్న. నేనన్నది పూఛ్‌నా, ఆమె ఇన్నది మాంగ్‌నా. మొఖం ఎర్రగైంది, కోపమొస్తె అమ్మీ తెలుగులకు దిగుతది, లోకంతోని కొట్లాడింది తెలుగులనే కాబట్టి. "నేనడగ. ఎవ్వరి ముంగట చెయ్యి చాప. అడిగినంత అడిగిన, ఇగ అడగ" అన్నది. నాకు తెలుసు ఆమె ఏం అడిగిందో. అబ్బా ఉవైస్ లారీ డ్రైవరు, షోలాపూర్ దాటినంక రోడ్డు మీద పోయిండు. ఇంటి గడప దాటని అమ్మీ నన్ను పట్టుకొని అక్కడిదాంక పోయింది, వొచ్చినోళ్లందరిని అడిగింది, మా ఆయన్ను ఎక్కడ పెట్టిన్రని, మాకెప్పుడు ఇస్తరని, ఎవరు సంతకం పెట్టాలెనని, ఆ గేటు కాడ, ఈ తలుపు కాడ, ఎండల, అడిగి అడిగి నోరు పిడచకట్టుకపోయింది. పూఛ్‌నా ఎప్పుడు మాంగ్‌నా అయిందో, మాంగ్‌నా ఎప్పుడు అడుక్కునుడు అయిందో ఆమెకు సుత తెలిసుండదు. ఎనుకకొచ్చినంక అత్తగారింట్ల ఉండనీకె చోటడిగింది. నర్సు చదువు చదువుతనని అడిగింది. నౌకరొచ్చిన రోజు ఇంటికొచ్చి బుర్ఖా తీసి కొక్కానికి తగిలేసి, "ముబ్బూ, ఇగ మనం ఎవ్వర్ని ఏం అడగం" అన్నది, నవ్వింది, నన్ను ఎత్తుకొని తిప్పింది, నేనప్పటికే ఆమె భుజం దాంక పెరిగిన. గట్లాంటి మనిషికి నేను ఆస్క్ అంటె ఆస్కే అని ఎట్ల చెప్త?

"సరే, నువ్వడగకు, నేనడగనా?" అన్న. అమ్మీ ఊ అనలే, ఊహూ అనలే. "పోయి నీ పాఠం చూసుకో పో" అన్నది. నిఖా కాడ పెండ్లికూతురు ఊకుంటె ఒప్పుకున్నట్టే అంటరు, నేను గా ఊకునుడునే పట్టుకొని బస్సెక్కిన. తప్పా? ప్రవక్తకు బీబీ ఖదీజా తానే పెండ్లి కబురు పంపిందని చిన్నప్పుడు నాకు చెప్పింది అమ్మీనే. పెండ్లి నిశ్చయం చేసుకునుడును మేం మంగ్నీ అంటం, మాంగ్‌నా నుంచి వొచ్చిన మాటే అది, అంటె అడుగుడే. అడుగుడు అంత సిగ్గుపడే పనైతె పండుగకు ఆ పేరెందుకు పెడతరు? చూస్తివా అమ్మీ, నీ మాటలనే ఉన్నది జవాబు. ఈ ముక్క ఆదివారం నాడు తట్టుంటె ఎంత మంచిగుండు, పెబ్బేరు దాటినంక తట్టింది.

బీచుపల్లి. కృష్ణ. సత్తెమ్మ కిటికీల నుంచి చేతులు జోడించింది, బస్సుల సగం మంది లేచి చూసిన్రు, నేను సుత సీతాఫలాలు ఒళ్లె పట్టుకొని లేచిన, ఏం నీళ్లు, ఏం నీళ్లు, ఒడ్డు నుంచి ఒడ్డు దాంక ఎర్రగ, నిండుగ, బ్రిడ్జి కింద సుళ్లు తిరుగుకుంట ఉరుకుతున్నయి, గాలి మొఖానికి తాకుతుంది, నాకు గట్టిగ కేక పెట్టాల్ననిపించింది, అప్పుడే ఫోన్ మోగింది. అమ్మీ.

"ఎక్కడున్నవ్? నీకు ఫోన్ కలుస్తలేదని బడికి చేస్తె రూతమ్మ టీచర్ సెలవు పెట్టి పోయిందన్నది. పానం మంచిగున్నదా?"

"బీచుపల్లి బ్రిడ్జి మీదున్న అమ్మీ." ఇగ దాస్తె ఏమొస్తది. "గద్వాలకు పోతున్న. కరీం చాచాను అడగనీకె."

గాలి, నీళ్లు, ఇంజను. లైను పోయిందనుకున్న. దవాఖానల చంటిపిల్లగాని ఏడుపు ఇనొచ్చింది, అంటె లైనున్నది.

"ఏమని అడుగుతవు?" అన్నది. గొంతుల కోపం లేదు, ఇంకేందో ఉన్నది.

ఏమని అడుగుత? ఇదే కద నేను పొద్దటి నుంచి ఎతికేది. "మా అమ్మీని... మా అమ్మీకి..." అని ఆగిన. బ్రతిమాలాల్నా, కోరాల్నా, అర్జ్ చేస్తున్న అనాల్నా. "నువ్వెవ్వరి ముంగట చెయ్యి చాపనంటివి గద, గందుకె నీ తరఫున నేను—"

"నా తరఫున ఇంకొకరు పోయి అడిగితెనే బిడ్డా అది అడుక్కున్నట్టు" అన్నది అమ్మీ. "పాపం మెహరున్నిసా అడగలేక బిడ్డను పంపింది అన్నట్టు. నువ్వేం అడగకు."

సీట్ల కూలబడ్డ. బ్రిడ్జి అయిపోయింది, నీళ్లు ఎనుకకు పోయినయి. సత్తెమ్మ నా మొఖం చూసి ఏమైందన్నట్టు తల ఎగరేసింది. ఇగ ఎర్రవల్లి చౌరస్తల దిగి ఎనుకకు పోయే బస్సు ఎక్కాలె, గంతే, పండ్లు సత్తెమ్మకు ఎనుకకియ్యాలె, అనుకునేలోపల ఫోన్ల అమ్మీ గొంతు మళ్ల వొచ్చింది, ఈసారి తొందర తొందరగ, టీకా సూది చెయ్యబోయే ముందు పిల్లల తల్లులతోని మాట్లాడినట్టు. "పోతనే ఉన్నవు గద, పో. దుకాణం కాడికి పోయి ఆయనకు ఫోనియ్యి. నేను ఊరికెనె ఫోన్ చేస్తె ఆయన ఫ్రిజ్జనుకుంటడు. నువ్వు ఎదురుంగ ఉండాలె. అడిగేది నేను. నాకు కావాల్సింది నేనడుగుత, నాకేం సిగ్గు?" అన్నది, నేనేదో అనబోతుంటె, "పెట్టేయ్, ఇక్కడ పిల్లలేడుస్తున్నరు" అని పెట్టేసింది.

నేను సత్తెమ్మను గట్టిగ పట్టుకున్న. ఎందుకో చెప్పలే, ఆమె అడగలే. అన్నీ అడిగిన మనిషి అదొక్కటి అడగలే.

ఎర్రవల్లి, మలుపు, పత్తి చేండ్లు, చేండ్లల్ల రంగురంగుల చీరెలు, పువ్వు పువ్వును పట్టుకొని ఏదో అద్దుతున్న ఆడోళ్లు, విత్తనపత్తి పని, దాటిపోతున్న కరెంటు స్తంభాలు, బస్సు ఇంత మెల్లగ ఎందుకు పోతుంది, డ్రైవరుకు పనేం లేదా, నాకు తెలిసిన మాటలన్ని నోట్ల తిరుగుతున్నయి, ఆస్క్, రిక్వెస్ట్, బిసీచ్, కోరుడు, వేడుకునుడు, గుజారిష్, ఇల్తిజా, ఏదైన కానీ, అమ్మీ ఏది ఏరుకుంటదో, నేను ఇంత చదివి ఆమెకు ఒక్క మాట ఇయ్యలేకపోతి, ఆమె అడుగుత అన్నది, ఉత్తగ అడుగుత అన్నది, ఉప్పు వెయ్యకుంట. ఆయన లేదంటె? రాయచూర్ బిడ్డకు మాటిచ్చిన అంటె? ఈ వయసుల ఏందమ్మా అని తౌఫీక్ మామూ లెక్క అంటె? అమ్మీ ఫోన్ల ఉంటది, నేను ఎదురుంగ ఉంట, ఆమె మొఖం పట్టుకోనీకె ఎవరుండరు. దేవుడా, యా అల్లా, ఇది సుత అడుగుడే, దువా సుత మాంగ్‌నానే, పైకి చేతులు చాపితె ఎవ్వరికి తక్కువ కాదు కద.

గద్వాల బస్టాండుల దిగి సత్తెమ్మకు చెయ్యూపి దాదాపు ఉరికిన. పాత దుకాణాల సందు, చీరెల దుకాణాలు, చాయ్ బండి, చాయ్ బండి అబ్రహాం అన్నను అడిగిన, "కరీం సాబ్ దుకాణం?" అని, ఆయన గంటెతోని ఎదురుంగ చూపిచ్చిండు. షట్టరు సగం దించి ఉన్నది. లోపల గోడలకు మొలలు మాత్రమే ఉన్నయి, సామానంత అట్ట పెట్టెలల్లకు ఎక్కింది. కరీం చాచా ఒక పెట్టెకు సుతిలి చుడుతుండు, గడ్డం నెరిసింది, అంగీ చేతులు పైకి మలిచిండు, నన్ను చూసి దారం ఇడిచిపెట్టి లేచిండు.

"అరె బేటా, నువ్వా! ఏమైంది? అమ్మీ మంచిగున్నదా?"

మొదట అడిగిందే అది. "మంచిగున్నది చాచా" అని సీతాఫలాలు ఆయన చేతుల పెట్టిన, ఇవి ఎందుకంటె ఏం చెప్పాల్నో తెల్వక, "అమ్మీ మీతోని మాట్లాడుతదట" అని ఫోన్ చేసిన. మోగుతుంది, మోగుతుంది, ఎత్తుతలేదు. కట్టయింది. మా ఇద్దరి నడుమ ఖాళీ దుకాణం. చాచా పండ్లు పట్టుకొని ఎక్కడ పెట్టాల్నో తెల్వక నిలబడ్డడు. భయపడ్డదా? మనసు మార్చుకున్నదా? మళ్ల చేసిన. ఎత్తింది. "ఇయ్యి" అన్నది, గంతే. ఇచ్చిన.

"వాలేకుం సలాం. హా, చెప్పండి... ఫ్రిజ్జేమన్న..." అన్నడు చాచా. ఆగిండు. "కాదా? మరి?"

అమ్మీ మాట్లాడుతుంది. నాకు ఇనొస్తలేదు, చెవి కాడ సన్నగ తేనెటీగ లెక్క గొంతు తెలుస్తుంది గని మాట తెలుస్తలేదు, ఏ మాట ఏరుకున్నవమ్మీ, ఏమని అడుగుతున్నవు, ముంగటికి ఒక్క అడుగేస్తె ఇనిపిస్తదేమో, ఎయ్యలే, అది నాది కాదు. చాచా మెల్లగ గోడ దిక్కు తిరిగిండు. పండ్లు పెట్టె మీద పెట్టిండు. చేతితోని కండ్లు తుడుచుకున్నడో, చెమట తుడుచుకున్నడో.

"మళ్లొకసారి చెప్పండి" అన్నడు. ఫోన్ల అమ్మీ ఏదో అన్నట్టుంది, ఇనిపిస్తలేదా అన్నట్టుంది. "లేదు లేదు, ఇనిపించింది," అన్నడాయన, "మళ్లొకసారి ఇనాల్ననిపించింది, గందుకె."

నేను రెండు చేతులతోని నోరు మూసుకున్న. లేకపోతె కేక బయటికొస్తది.

"ఔ" అన్నడు. "ఔ. హా. షాజియాకు నేను చెప్త. లేదు, ఏమనదు, అన్నా నేను చెప్త. దుకాణం? దుకాణానికేమైంది, మొలలన్ని ఇక్కడనే ఉన్నయి, మళ్ల తగిలేస్త." నవ్విండు, దగ్గొచ్చింది, మళ్ల నవ్విండు. "నేను అడగాల్సుండె. ఎన్నిసార్లు అడుగుదామని వొచ్చి... హా. హా. మీరు తిన్నరా?"

ఫోన్ నా చేతికిచ్చిండు. అమ్మీ లైన్లనే ఉన్నది, ఏడుస్తుందో నవ్వుతుందో తెల్వదు, "ఇంటికి రా తొందరగ" అన్నది, పెట్టేసింది. నేను ఎగరాల్నా, కూసోవాల్నా, ఎవరికన్న ఫోన్ చెయ్యాల్నా, రూతమ్మ టీచర్‌కు చెప్పాలె, మామూకు చెప్పాలె, మామూకు నేనే చెప్త ఈసారి, చాయ్ పెట్టనీకె లోపలికి పోను. చాచా పెట్టె జరిపి దాని మీద నన్ను కూసోమన్నడు. ఆయన ఎదురుంగ ఇంకొక పెట్టె మీద కూసున్నడు. మొఖంల నవ్వు ఇంకా ఉన్నది గని దాని ఎనుక ఏదో పరేషాని వొచ్చింది.

"బేటా" అన్నడు. "ఆమె నన్నడిగింది, నేను ఔనన్న. నిన్నెవరన్న అడిగిన్రా?"

నాకు అర్థం కాలే.

"నీ ఇంట్లకు ఒక మనిషి వస్తుండు. నీకిష్టమేనా?"

ఎవ్వరు అడగలే. మామూ నా పేరు మీద అమ్మీని నిలదీసిండు గని నన్నడగలే. అమ్మీ అడగలే, అడిగితె కాదంటనేమోనని భయపడ్డదేమో. నేను సుత నన్ను నేను అడుగుకోలే, ఇంత దూరం ఇంత సంబురంగ వొచ్చిన, ఒక్కసారన్న అడుగుకోలే. అబ్బా నవ్వు యాదికొచ్చింది, లారీ కాబిన్ల నుంచి ఒంగి నన్ను పైకి లాగి కూసోబెట్టుకునుడు యాదికొచ్చింది, ఒక్క నిమిషం లోపలంత నొచ్చింది, అబ్బా అక్కడనే ఉన్నడు, ఎటు పోలే. కరీం చాచా ఎదురు చూస్తుండు. తొందర పెడుతలేడు. లేదంటె లేదనే ఇంటడు, ఆ కండ్లల్ల అది కనిపిస్తుంది, లేదంటె ఇప్పుడే దారం తీసుకొని మళ్ల పెట్టెలు కడతడు.

తల ఊపిన.

"తల ఊపితె కాదు" అన్నడు. "నోటితోని చెప్పు బేటా. ఏదైన సరే."

"ఇష్టమే" అన్న. అంటె ఏడుపొచ్చింది, ఏడుస్తనే మళ్ల అన్న, ఈసారి సందు మొత్తానికి ఇనిపించేటట్టు, "నాకు మస్తు ఇష్టం."